పత్తిపువ్వు పాఠం

దసరా సెలవులు అయిపోయి బడి తెరిచిన వారం. శనివారం మధ్యాహ్నం ఏడో తరగతి సైన్సు టీచరు పిల్లలకో పని చెప్పింది. సోమవారం వచ్చేటప్పుడు ప్రతి ఒక్కరూ ఒక మందారపువ్వు తేవాలి. దాన్ని విడదీసి, ఒక్కో భాగాన్ని నోటుబుక్కులో అంటించి, పక్కన దాని పేరు, అది చేసే పని రాయాలి.

ఆదోని ఊరి చివర కాలనీలో ఉండే ఆ పిల్ల ఇంటికొచ్చి సంచి విసిరేసి కూర్చుంది. వీధి మొత్తానికి ఒక్క మందార చెట్టు ఉంది. ఆ ఇంటివాళ్లు తెల్లారకముందే పూలన్నీ దేవుడికి కోసేస్తారు. ఇంక మందారం ఎక్కడ దొరుకుతుంది?

"మందారమే కావల్నా? పత్తిపువ్వు పనికిరాదా?" అంది వాళ్లమ్మ, పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తూ.

"పుస్తకంలో మందారం బొమ్మ ఉందిమా."

"రెండూ ఒకటే జాతి. తెచ్చుకో నీ పుస్తకం. చేనికి పోదాం పా."

ఐదో తరగతి దాటని అమ్మ, మందారమూ పత్తీ ఒకే జాతి అని అంత ధీమాగా ఎలా చెప్పిందో ఆ పిల్లకు అర్థం కాలేదు. కానీ ఆమె చెప్పింది నిజమే. మందారం, పత్తి, బెండ, గోంగూర, ఈ నాలుగూ మాల్వేసి కుటుంబానికి చెందినవి. బెండపువ్వు, పత్తిపువ్వు పక్కపక్కన పెడితే అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. వృక్షశాస్త్రం చదవకపోయినా ఆమె కళ్లు ఆ పోలికను ఎప్పుడో పట్టుకున్నాయి.

వాళ్లకు ఎమ్మిగనూరు దారిలో మూడెకరాల కౌలు చేను ఉంది. నల్లరేగడి. ముంగారు వానలకు పత్తి విత్తారు. తండ్రి సీజనులో జిన్నింగ్ మిల్లుకు హమాలీ పనికి పోతాడు. చేను పని ఎక్కువగా తల్లిదే. నాలుగు గంటల ఎండలో తల్లీకూతుళ్లు గట్టు మీదికి చేరారు.

మొదట ఒక ఎండుమొక్కను పీకి చూపించింది తల్లి. సెప్టెంబరులో వారం రోజులు ముసురు పట్టినప్పుడు చేను పల్లంలో నీళ్లు నిలిచాయి. అప్పుడు వాడిపోయిన మొక్కల్లో అదొకటి. నడుమ ఒక లావుపాటి వేరు, దాని చుట్టూ సన్నటి పిల్లవేర్లు.

"తల్లివేరు!" అంది పిల్ల, పుస్తకం గుర్తుకొచ్చి.

పత్తి తల్లివేరు నేలలోకి నిలువునా దిగుతుంది. పైమట్టి ఎండినా కింది తేమను పట్టుకుంటుంది. వానలు మొహం చాటేసే ఈ సీమలో పత్తి నిలబడటానికి అదొక కారణం. అయితే వేరుకు నీళ్లొక్కటే చాలవు, గాలి కూడా కావాలి. రేగడిలో నీళ్లు నిలిస్తే మట్టి సందుల్లో గాలి ఉండదు. ఊపిరాడని వేరు నీటిని పైకి పంపలేదు. కాళ్లు నీళ్లలో ఉన్నా ఆకులు దాహంతో వాడిపోతాయి. ఆ వింతను రైతులందరూ చూస్తారు. కారణం మాత్రం పాఠంలో ఉంటుంది.

కాండం పని రవాణా. వేర్లు తాగిన నీటిని పైకి, ఆకులు వండిన ఆహారాన్ని కిందికీ పక్కలకీ చేరవేస్తుంది. పత్తిలో కొమ్మలు రెండు రకాలు. కింద నుంచి నిటారుగా పెరిగేవి ఒకరకం. వంకర టింకరగా, ప్రతి కణుపు దగ్గర ఒక మొగ్గ వేస్తూ పక్కకు సాగేవి రెండోరకం. కాపు ప్రధానంగా ఈ రెండో రకం కొమ్మల మీదే. చేనులోకి దిగిన ఆసామి మొక్క ఎత్తు చూసి మురిసిపోడు, పక్కకొమ్మలు ఎన్ని వచ్చాయో లెక్కపెడతాడు.

ఆకు వంటిల్లు లాంటిది. ఎండనే మంటగా చేసుకుని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు పంపిన నీటిని కలిపి పిండిపదార్థం తయారుచేస్తుంది. వారం రోజులు మబ్బు పడితే ఆ పొయ్యి సరిగా మండదు. అప్పుడు మొక్క తన సంసారాన్ని తగ్గించుకుంటుంది. గూడ రాల్చేస్తుంది. మామూలు రోజుల్లో కూడా పత్తిమొక్క వేసిన గూడ, పూత, పిందెల్లో సగానికి పైగా రాలిపోతాయి. పోషించగలిగినన్నిటినే ఉంచుకుంటుంది.

"మరి రాలిపోయేటివి ఎందుకు వేస్తుందిమా?"

"ఏది నిలబడుతుందో దానికి మాత్రం ముందే తెలుసా?" అంది తల్లి.

* * *

ఇంతలో ఆమె ఒక మొగ్గ దగ్గర ఆగింది. మూడు ఆకుపచ్చ రేకుల మధ్య నుంచి మీగడ రంగు పూరేకులు ముడుచుకుని పైకి పొడుచుకొచ్చిన మొగ్గ. రేపు పొద్దున విచ్చుకునేది.

"ఇది రక్షకపత్రం," అంది పిల్ల, ఆ పచ్చరేకును ముట్టుకుని. పుస్తకంలో పువ్వు కింద ఉండే పచ్చటి భాగాన్ని అలాగే రాశారు మరి.

"కాదు. దానిలోపల ఇంకొకటుంది చూడు, చిన్న గిన్నె."

తల్లి పచ్చరేకును మెల్లగా వంచింది. లోపల, పువ్వు అడుగున, లేత పచ్చటి కప్పులాంటిది కనిపించింది. ఐదు భాగాలు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన కప్పు. నిజమైన రక్షకపత్రావళి అదే. బయట అంచులు రంపం పళ్లలా ఉన్న మూడు రేకులు పుచ్ఛాలు. మొగ్గకు అవి పైదుప్పటి. కాయ ముదిరేదాకా దాన్ని అంటిపెట్టుకునే ఉంటాయి. ఎండిపోయాక మాత్రం ఇవే శత్రువులవుతాయి. ఏరేటప్పుడు చిట్లి పత్తిలో కలిస్తే ఆ నల్లటి నలుసులు చూసి ఆదోని యార్డులో వ్యాపారి పెదవి విరుస్తాడు. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటైన ఆ యార్డులో, కుప్పలోకి చెయ్యి పెట్టి ఒక పిడికెడు పత్తిని తీసి చూడటంలోనే ధర తేలుతుంది. చెత్త ఎంత, తేమ ఎంత, పోగు ఎంత పొడుగు అని.

పిల్ల నోటుబుక్కులో రాసుకుంటుండగా తల్లి కుడిచేతి బొటనవేలి గోరు ఆ చిన్న గిన్నె అడుగున దిగింది. చుట్టూ ఒక్కసారి తిరిగింది. చిన్న మెలిక. పూరేకులు, వాటి లోపలి కేసరాలు మొత్తం ఒక్క టోపీలా ఊడి ఆమె చేతిలోకి వచ్చాయి. కొమ్మ మీద పుచ్ఛాల మధ్య ఒక చిన్న లేతపచ్చ బుడిపె, దాని మీద సన్నటి కాడ మాత్రం మిగిలాయి. బుడిపె మీద గీత కూడా పడలేదు. అంతా కలిపి రెప్పపాటు.

పిల్ల నోరు తెరుచుకుని చూసింది. "ఎట్ల చేస్తివిమా?"

తల్లి వెంటనే జవాబు చెప్పలేదు. అటువంటిదే ఇంకో మొగ్గ వెతికి దానికీ అలాగే చేసింది. నోటుబుక్కులోంచి కాగితం చింపి రెండు చిన్న గొట్టాలు చుట్టి, రెండింటికీ తొడిగింది. చీర అంచు నుంచి ఒక ఎర్రదారం, ఒక పచ్చదారం లాగి చెరొకదానికి కట్టింది. అప్పుడు చెప్పింది.

"క్రాసింగు. నీయంత ఉన్నప్పుడు పోతాంటిని. నీకంటే చిన్నదాన్నే."

* * *

ఇక్కడ కాస్త వెనక్కి వెళ్లాలి.

1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధన క్షేత్రం నుంచి సి.టి. పటేల్ అనే శాస్త్రవేత్త హైబ్రిడ్-4 అనే పత్తిని విడుదల చేశాడు. వాణిజ్యపరంగా సాగుచేసిన సంకర పత్తుల్లో ప్రపంచంలోనే అది మొదటిది. రెండు వేర్వేరు రకాలను కలిపితే పుట్టే మొక్క తల్లిదండ్రులిద్దరినీ మించి కాస్తుంది. అయితే ఒక చిక్కుంది. పత్తిపువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఒకేచోట ఉంటాయి. వదిలేస్తే చాలావరకు తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటుంది. సంకర విత్తనం కావాలంటే ఒక రకం మొగ్గలోంచి మగభాగాన్ని విచ్చుకోకముందే తీసెయ్యాలి. మరునాడు పొద్దున రెండో రకం పువ్వు తెచ్చి దాని పుప్పొడి రాయాలి. ఈ పని యంత్రం చెయ్యదు, ఒక్కో మొగ్గనూ మనిషి చెయ్యి తాకాల్సిందే. కూలి చవగ్గా దొరికే దేశం కాబట్టే ఈ పద్ధతి ఇక్కడ నిలబడింది.

కర్నూలు జిల్లాలోనూ, అవతల గద్వాల వైపూ బోర్ల కింద సీడు పత్తి చేలు లేచాయి. ఆ చేలల్లో ఆడసాళ్లు, మగసాళ్లు వేరు. సాయంత్రం మొగ్గలు గిల్లాలి, పొద్దున పుప్పొడి అద్దాలి. రెండు మూడు నెలలపాటు రోజూ ఇదే. ఒక్కరోజు మానితే ఆ రోజు మొగ్గలన్నీ వృథా. ఈ పనికి ఆడపిల్లల్నే పెట్టుకున్నారు. చిన్నవేళ్లయితే మొగ్గ నలగదని, మొక్క ఎత్తుకు పిల్లలు సరిపోతారని చెప్పేవాళ్లు. అసలు సంగతి కూలి. పెద్దవాళ్లకిచ్చే దానికంటే తక్కువిస్తే సరిపోయేది. పంట ముందే ఇంటికి అడ్వాన్సు ఇచ్చేవాళ్లు. ఆ అప్పు తీరేదాకా పిల్ల చేలోనే. 2000 తర్వాత వరుసగా వచ్చిన పరిశోధక నివేదికలు ఈ సంగతిని దేశం ముందు పెట్టాయి. స్వచ్ఛంద సంస్థలు ఊళ్లకు వచ్చి పిల్లల్ని బడిబాట పట్టించాయి. ఉచిత నిర్బంధ విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో చట్టాన్ని సవరించారు.

ఆమెకు మాత్రం ఇవన్నీ ఆలస్యంగా వచ్చాయి. బీటీ పత్తికి అనుమతి వచ్చిన 2002లో ఆమె ఐదో తరగతి అయిపోయింది. ఆ వానాకాలం వాళ్ల నాయన ఒక చేనుకు అడ్వాన్సు తీసుకున్నాడు. "ఈ ఒక్క సీజనే, మళ్లా బడికి పోదువు" అన్నాడు. ఆ ఒక్క సీజను నాలుగు సీజన్లయింది.

"గోరు పెరిగితే కత్తిరించుకోనిచ్చేవాళ్లు కాదు," అంది కూతురితో, గట్టు మీద కూర్చుని. "ఒక్క కేసరం మిగిలినా తిట్లే. మందు కొట్టిన మర్నాడే సాళ్లల్లోకి దిగుతాంటిమి. తలకాయనొప్పి, వాంతులు. ఎవరికి చెప్పుకుంటాం?"

ఆ ఒక్క కేసరం ఎందుకంత ముఖ్యమో లెక్క వేస్తే తెలుస్తుంది. మిగిలిన పుప్పొడితో పువ్వు తనకు తానే గింజ కడితే అది సంకరం కాదు. అలాంటి గింజలు కలిస్తే విత్తనం పరీక్షలో తప్పుతుంది. అప్పుడు ఆ చేను విత్తనానికి డబ్బు రాదు. ఇంకో లెక్క కూడా ఉంది. వంద పత్తిగింజలు సుమారు 9 గ్రాములు తూగుతాయి. 450 గ్రాముల పొట్లంలో దాదాపు 5 వేల గింజలుంటాయి. ఒక కాయలో 25 గింజలనుకుంటే ఒక్క పొట్లం వెనక 200 కాయలు. అంటే రాలిపోయినవి కాక కనీసం 200 మొగ్గలు ఎవరో గిల్లి, పుప్పొడి అద్దినవి. అంగట్లో పొట్లం కొని తెచ్చుకునే రైతుకు ఆ వేళ్లు కనపడవు.

* * *

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి మళ్లీ చేనికి వెళ్లారు. రాత్రి ముడుచుకున్న మొగ్గలు తెల్లగా విచ్చుకున్నాయి. తల్లి ఒక పువ్వు కోసి కూతురి అరచేతిలో పెట్టింది. ఐదు పూరేకులు. వీటినే ఆకర్షకపత్రాలంటారు. తుమ్మెదల్ని, తేనెటీగల్ని పిలవడం వాటి పని. పత్తి పుప్పొడి బరువైంది, జిగటది. గాలికి కొట్టుకుపోదు. ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకు పోవాలంటే ఏదో ఒక పురుగు మోయాల్సిందే. సాయంత్రానికి ఈ తెల్లపువ్వు గులాబీ రంగుకు తిరుగుతుంది, మరునాటికి ఎర్రబడుతుంది, మూడోనాటికి వాడి ఊడిపోతుంది. చేనులో తెలుపు, ఎరుపు పూలు కలిసి కనిపిస్తే రెండు రకాల మొక్కలనుకోవద్దు. ఎర్రపువ్వు తన పని ముగించుకున్న పువ్వు.

రేకుల నడుమ ఒక గొట్టం. దాని చుట్టూ పదుల కొద్దీ కేసరాలు. ఒక్కో సన్నటి కాడ చివర ఒక పుప్పొడి తిత్తి. మందారంలోనూ ఇదే అమరిక. కేసరాల కాడలన్నీ కలిసి ఒకే గొట్టమవుతాయి. ఆ గొట్టం లోపలి నుంచి ఆడభాగపు కాడ, అంటే కీలం, పైకి వస్తుంది. దాని కొనే కీలాగ్రం. గొట్టం అడుగు పూరేకులకు అతుక్కుని ఉంటుంది. అందుకే నిన్న గోరు పెట్టి తిప్పగానే రేకులూ కేసరాలూ కలిసి ఒక్క టోపీలా ఊడొచ్చాయి. అతుకు ఎక్కడుందో శాస్త్రం ఎప్పుడో చెప్పింది. ఆమె గోరు దాన్ని పదేళ్ల వయసులో నేర్చుకుంది.

ఎర్రదారం కట్టిన మొగ్గ కాగితం తీసింది తల్లి. కోసిన పువ్వు రేకుల్ని వెనక్కి వంచి, దాని కేసరాలను ఆ కాడ కొనకు చుట్టూ అద్దింది.

"ఒక పక్కే రాస్తే చాలదు. చుట్టూ రాయల్ల. లేకుంటే కాయ వంకర పోతుంది."

ఎందుకో పాఠం చెబుతుంది. కింద ఉన్న అండాశయంలో మూడు నుంచి ఐదు గదులుంటాయి. ఒక్కో గదిలో కొన్ని అండాలు. ప్రతి అండం గింజ కావాలంటే దానికంటూ ఒక పుప్పొడి రేణువు కావాలి. కీలాగ్రం మీద పడిన రేణువు మొలకెత్తి, సన్నటి గొట్టాన్ని కాడ లోపలి నుంచి కిందికి దింపుతుంది. ఆ గొట్టం ఒక అండాన్ని చేరితేనే ఫలదీకరణ. పుప్పొడి సరిగా అందని గదిలో గింజలు పొల్లుపోతాయి. ఆ పక్క కాయ పెరగదు.

పచ్చదారం మొగ్గను ఆమె ముట్టుకోలేదు. కాగితం అలాగే ఉంచింది.

"దానికి రాయవా?"

"రాయను. ఏమవుతుందో నువ్వే చూడు."

మూడు వందల ఏళ్ల కిందట, 1694లో, రుడాల్ఫ్ కమెరారియస్ అనే జర్మన్ వైద్యుడు ఇటువంటి పనే చేశాడు. అప్పటిదాకా పూలలో ఆడ, మగ ఉంటాయని ఎవరూ ప్రయోగం చేసి చూపించలేదు. అతను తన తోటలో ఆముదం మొక్కల మగపూలను విచ్చుకోకముందే తుంచేశాడు. మిగిలిన ఆడపూలకు గింజ పట్టలేదు. మగభాగం లేకుండా విత్తనం లేదని ఆ ఏడాదే ప్రకటించాడు. మన మెట్టచేలల్లో గట్ల వెంట కనిపించే ఆముదమే ఆ రహస్యం చెప్పిన మొక్క.

తిరిగివస్తూ తల్లి ఒక ముడుచుకున్న పువ్వును తుంచి నలిపింది. రేకులు విచ్చుకోకుండా దారంతో కుట్టినట్టు ఉన్నాయి. లోపల చిన్న పురుగు. రైతులు దీన్ని గుడ్డిపువ్వు అంటారు. గులాబీరంగు పురుగు లోపల చేరి, పట్టులాంటి దారంతో రేకుల్ని బిగించి, పుప్పొడిని తింటుంది. తర్వాత కాయలోకి దూరి గింజను తొలుస్తుంది. బీటీ విత్తనాన్ని కూడా లెక్కచెయ్యని స్థితికి ఈ పురుగు వచ్చి చాలా ఏళ్లయింది. గుడ్డిపూలను ఏరి నాశనం చెయ్యడం ఇప్పటికీ చేతిపనే.

* * *

ఆదివారం సాయంత్రం ఇంటి అరుగు మీద పువ్వు విడదీసే కార్యక్రమం. పిల్ల బ్లేడుతో అండాశయాన్ని అడ్డంగా కోసింది. నాలుగు గదులు, వాటిలో తెల్లటి చుక్కల్లా అండాలు. అవ్వ కళ్లద్దాలు సర్దుకుని వంగి చూసింది.

అవ్వది ఎమ్మిగనూరు. మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సహకార సంఘం పేరు ఆ ఊళ్లో ఇప్పటికీ తలుచుకుంటారు. అవ్వ చిన్నప్పుడు మగ్గాల ఇళ్లల్లో కండెలు చుట్టేది. పువ్వు సంగతి ఆమెకు పెద్దగా పట్టదు. ఆమె లోకం నూలుతో మొదలవుతుంది.

"మా నాయన చేన్లో పసుప్పచ్చ పూలు పూస్తాండె. గొంతులో ఎర్రమచ్చ," అంది. అది పాత నాటుపత్తి. పోగు పొట్టిది, గట్టిది.

"అవ్వా, దూది పువ్వులోంచి వస్తుందా, కాయలోంచా?"

"కాయలోంచి."

"గింజలోంచి," అని దిద్దింది తల్లి.

ముగ్గురూ చెప్పుకున్నదాన్ని కలిపితే పాఠం పూర్తవుతుంది. పువ్వు విచ్చిన రోజునే లోపల అండం పైపొరలోని కొన్ని కణాలు ఉబ్బడం మొదలుపెడతాయి. ఫలదీకరణ జరిగితే రోజురోజుకూ పొడుగవుతాయి. మూడు వారాలు దాటేసరికి ఒక్కో కణం రెండున్నర, మూడు సెంటీమీటర్ల పొడుగు సాగుతుంది. ఒక్క పోగంటే ఒకే ఒక్క కణం! ఒక గింజ మీద అలాంటివి పది వేలకు పైనే. ఆ తర్వాత పోగు లోపలిగోడ దళసరి అవుతుంది. కాయ పగిలి ఎండ తగలగానే పోగులోని నీరు ఆరి, అది చప్పబడి మెలితిరుగుతుంది. ఆ మెలికలే ఒకదానికొకటి పట్టుకుని నూలుగా నిలబడతాయి. బూరుగుదూదికి ఆ మెలికలు లేవు. అది గింజ మీద పుట్టేది కాదు, కాయ లోపలిగోడ మీద పుట్టేది. అందుకే బూరుగు దిండ్లకు పోయింది, పత్తి మగ్గానికి పోయింది.

"పురి పడుతుందా లేదా అని వేళ్లతో చూస్తాంటిమి," అంది అవ్వ, బొటనవేలు, చూపుడువేలు రాపిడి చేస్తూ. అరవై ఏళ్ల కిందటి పని ఆ వేళ్లు ఇంకా మరవలేదు.

సోమవారం బడిలో మందారాల మధ్య ఒకే ఒక్క పత్తిపువ్వు. పిల్లలు నవ్వారు. టీచరు నోటుబుక్కు తిప్పి తిప్పి చూసింది. పుచ్ఛాలు వేరుగా, రక్షకపత్రాలు వేరుగా అంటించి ఉన్నాయి. తరగతిలో ఇంకెవరి పుస్తకంలోనూ ఆ తేడా లేదు. మన ఇళ్లల్లోని ఎర్రమందారం మామూలుగా కాయ కాయదు. అందుకని అండాశయం కాయవుతుంది, అండం గింజవుతుంది అన్న మాట పిల్లలకు మాటగానే మిగిలిపోతుంది. ఈ పిల్ల పుస్తకంలో మాత్రం చివరి పేజీ ఖాళీగా ఉంది. పైన రాసి ఉంది: "ఎర్రదారం, పచ్చదారం. ఏమవుతుందో చూడాలి."

టీచరు ఎర్రసిరాతో రాసింది: "చాలా బాగుంది. చివరి పేజీ పూర్తయ్యాక మళ్లీ చూపించు." ఆ రాత్రి తల్లి ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. రెండుసార్లు.

* * *

పచ్చదారం మొగ్గ వారం తిరక్కుండా పసుపుబారి రాలిపోయింది. ఎర్రదారం మొగ్గ పిందె వేసింది, నిమ్మకాయంత అయింది. పిల్ల ప్రతి ఆదివారం దారంతో దాని చుట్టుకొలత తీసి రాసింది.

చేను మాత్రం అనుకున్నంత ఇవ్వలేదు. ముసురు కొంత, పురుగు కొంత తినేశాయి. నవంబరు ఆఖరున మేస్త్రీ ఇంటికొచ్చాడు. గుంటూరు వైపు సుగ్గి. పత్తి ఏరడం, ఆ తర్వాత మిరపకాయలు కోయడం. కోసిగి, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు ఊళ్లల్లో ఇది ఏటా ఉండే మాటే. ఇళ్లకు తాళాలు పడతాయి. పెద్దలతోపాటు పిల్లలూ లారీ ఎక్కుతారు. బడిలో హాజరుపట్టీ బోసిపోతుంది.

"ముగ్గురం పోతే అప్పు తీరుతుంది," అన్నాడు తండ్రి, కూతురి వైపు చూడకుండా. "ఈ ఒక్క సీజనే."

ఆ మాట వినగానే తల్లి చేతిలోని గంటె ఆగిపోయింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. ఇరవై ఏళ్ల కిందట ఇంకో నాయన నోట విన్నదే.

ఆమె గొంతు పెంచలేదు. "మనిద్దరం పోదాం. పాప రాదు. అవ్వ దగ్గర ఉంటుంది."

"ముగ్గురి కూలి..."

"నేను సంక్రాంతికి కూడా రాకుండా చేస్తా. దాని కూలి నేను చేస్తా. అది మాత్రం రాదు."

మూలనున్న పిల్ల మెల్లగా అంది, "నాయనా, నా కాయ ఇంకా పగలలేదు. నేను పోతే ఎవరు రాస్తారు?"

తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి మేస్త్రీకి ఫోను చేసి, ఇద్దరికే అడ్వాన్సు చాలన్నాడు.

వాళ్లు లారీ ఎక్కే ముందురోజు, డిసెంబరు మొదటివారంలో, కాయ పగిలింది. నాలుగు గదులు, నాలుగు తెల్లటి పాయలు. తల్లీకూతుళ్లు అరుగు మీద కూర్చుని దూది ఊడదీసి గింజలు లెక్కపెట్టారు. ఇరవై తొమ్మిది. ఒకటి పొల్లు.

"ఈ గింజలు మళ్లా విత్తుదామా?"

"ఇవి హైబ్రిడ్ మొక్క గింజలు. వీటిల్లో పుట్టినవి తల్లిలాగా రావు, ఒక్కొక్కటి ఒక్కో తీరు. మనం మళ్లా పొట్లం కొనాల్సిందే," అంది తల్లి. కాసేపాగి నవ్వింది. "నువ్వు కూడా నాలాగ రావద్దు."

మర్నాడు లారీ కదిలేటప్పుడు పిల్ల బడి యూనిఫాంలోనే వచ్చింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని గోళ్లు చూసింది. పొట్టిగా, శుభ్రంగా కత్తిరించి ఉన్నాయి. ఏమీ అనకుండా చెయ్యి వదిలింది.

ఆ చివరి పేజీలో ఇప్పుడు ఒక చిన్న దూదిపాయ అంటించి ఉంది. కింద ఎర్రదారం. పక్కన తేదీలు, చుట్టుకొలతలు, గింజల లెక్క. అన్నిటి కిందా ఒక వరుస: "ఈ ప్రయోగం మా అమ్మ చెప్పింది."